ప్రైమరీలలో పత్రికల ఎండార్స్‌మెంట్: గెలిపించే శక్తి ఎంత, దెబ్బతీసే శక్తి ఎంత

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, నాషువాలో స్థిరపడి, కొత్తగా పౌరసత్వం పొంది, 2028లో మొదటిసారి అధ్యక్ష ప్రైమరీలో, అంటే ఒక పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటు వేయబోతున్న మీరు మూడు ప్రశ్నలు అడిగారు. స్థానిక పత్రిక ఒక అభ్యర్థిని బాహాటంగా బలపరిస్తే, అంటే ఎండార్స్‌మెంట్ ఇస్తే, నిజంగా ఓట్లు మారతాయా? మారకపోతే అభ్యర్థులు దానికోసం అంతగా ఎందుకు తాపత్రయపడతారు? 2024లో కొన్ని పెద్ద పత్రికలు ఈ పద్ధతికే స్వస్తి చెప్పాయి కాబట్టి ఇక దీని కథ ముగిసినట్టేనా? తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, అమెరికా ఎన్నికల వార్తలు అనువదిస్తూ, దిద్దుతూ గడిపినవాడిగా నాకు తెలిసినంత వివరంగా జవాబిస్తాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పత్రిక ఒకరోజు రాసిన సమర్థన సంపాదకీయం చదివి ఓటు మార్చుకునేవారు బహు కొద్దిమంది. అయితే ప్రైమరీలలో ఆ కొద్దిమందికి ఉండే విలువ, పార్టీల అభ్యర్థులు ఒకరితో ఒకరు తలపడే నవంబరు ఎన్నికల్లో ఉండదు. అంతకంటే ముఖ్యంగా, పత్రికకు తనకు నచ్చినవాణ్ణి గద్దె ఎక్కించే శక్తి కంటే తనకు గిట్టనివాణ్ణి దెబ్బతీసే శక్తి ఎప్పుడూ ఎక్కువగానే ఉంది. ఎండార్స్‌మెంట్ల చరిత్రను గెలుపోటముల పట్టికగా చూసేవారు ఈ రెండో సగాన్ని లెక్కలోకి తీసుకోరు.

తెలుగు పాఠకుడికి ముందుగా ఒక తేడా చెప్పాలి. మన దగ్గర పత్రిక ఏ పార్టీ వైపు ఉందో పాఠకుడికి తెలుసు. 1983లో ఈనాడు ఎన్టీ రామారావు ప్రచారానికి ఎంత అండగా నిలిచిందో, 2008లో మొదలైన సాక్షి ఏ కుటుంబానిదో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ మొగ్గు వార్త ఎంపికలో, శీర్షికలో, ఫోటో సైజులో కనిపిస్తుంది తప్ప, ‘మా పత్రిక ఫలానా అభ్యర్థికి ఓటు వేయమని కోరుతోంది’ అని సంతకం పెట్టినట్టు రాయడం మనకు అలవాటు లేదు. అమెరికాలో సంప్రదాయం ఇందుకు తలకిందులు. వార్తలు రాసేవారు పక్షం వహించకూడదు. అభిప్రాయ విభాగంలోని ఎడిటోరియల్ బోర్డు మాత్రం అభ్యర్థులను పిలిచి, గంటకు తక్కువ కాకుండా ప్రశ్నించి, తరువాత పత్రిక పేరు మీద ఒకరిని బలపరుస్తుంది. రెండు విభాగాల మధ్య గోడ ఉందని పత్రికలు ఎంత చెప్పినా పాఠకులు పూర్తిగా నమ్మరు. పత్రిక యజమాని ఆ గోడకు అటూ ఇటూ కూడా తిరగగలడన్న సంగతి కూడా నిజమే. మీ రాష్ట్రపు అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ అటువంటి యజమానిదే.

ప్రైమరీకీ నవంబరు ఎన్నికకూ తేడా ఏమిటంటే, నవంబరులో ఓటరుకు పార్టీ గుర్తు దారి చూపుతుంది. డెమోక్రాట్‌గా ముప్పై ఏళ్లు ఓటు వేసినవాడు పత్రిక చెప్పిందని రిపబ్లికన్‌కు మారడు. 1936లో దేశంలోని పత్రికల్లో ఎక్కువ భాగం ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను వ్యతిరేకించాయి; ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. 2016లో అత్యధిక సర్క్యులేషన్ ఉన్న 100 పత్రికల్లో 57 హిల్లరీ క్లింటన్‌ను, కేవలం 2 డొనాల్డ్ ట్రంప్‌ను బలపరిచాయి. ఫలితం మీకు తెలుసు. ప్రైమరీలో పరిస్థితి వేరు. నిలబడినవారందరూ ఒకే పార్టీవారు, విధానాల్లో పెద్ద తేడాలుండవు, పేర్లు చాలావరకు కొత్తవి, పోటీదారులు ఒక్కోసారి పదిమందికి పైనే. ఓటరు మనసు అటూ ఇటూ ఊగడానికి అక్కడ చోటుంది. 2020లో న్యూ హాంప్‌షైర్ డెమోక్రటిక్ ప్రైమరీ ఓటర్లలో దాదాపు సగం మంది చివరి కొద్ది రోజుల్లోనే నిర్ణయించుకున్నామని చెప్పారు. పైగా మీ రాష్ట్రంలో ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటర్లు పోలింగ్ రోజున ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. ఓటు వేసి బయటికి వచ్చేటప్పుడు ఫారం నింపి మళ్లీ పార్టీ రహితంగా మారిపోవచ్చు. వీరి కోసమే అభ్యర్థులు, పత్రికలు, టీవీ చానళ్లు అన్నీ పోటీపడతాయి.

ఇక మీ రాష్ట్రంలోని మాంచెస్టర్ నుంచి వచ్చే యూనియన్ లీడర్ పత్రిక సంగతి. 1946లో ఆ పత్రికను కొన్న విలియమ్ లోబ్ 1981లో చనిపోయేవరకు దాన్ని తన సొంత వేదికగానే నడిపాడు. రాష్ట్రమంతటా చదివే పత్రిక ఇంకొకటి లేని చోట, మొదటి పేజీ మీదే సంపాదకీయాలు అచ్చు వేసి, ఇష్టం లేని రాజకీయ నాయకుణ్ణి నెలల తరబడి తిట్టిపోయడం ఆయన పద్ధతి. ‘ఎండార్స్‌మెంట్’ అంటే మనం ఊహించుకునే ఒక పెద్దమనిషి తరహా సంపాదకీయం కాదది, ఒక ప్రచార యుద్ధం.

1972లో ఆ యుద్ధం ఎడ్మండ్ మస్కీ మీద జరిగింది. మస్కీ పక్క రాష్ట్రమైన మెయిన్ సెనేటర్, డెమోక్రటిక్ అభ్యర్థుల్లో ముందంజలో ఉన్నవాడు. ఫిబ్రవరి 24న లోబ్ పత్రిక ఒక ఉత్తరాన్ని ప్రచురించింది. ఫ్రెంచి కెనడా సంతతివారిని కించపరిచే మాట ఒకరు అంటే మస్కీ నవ్వి ఊరుకున్నాడని అందులోని ఆరోపణ. ఆ సంతతివారు న్యూ హాంప్‌షైర్‌లో గణనీయమైన సంఖ్యలో ఉన్న డెమోక్రాట్లు. మస్కీ భార్య గురించి ఒక వారపత్రికలో వచ్చిన ఎత్తిపొడుపు రాతను కూడా లోబ్ తన పత్రికలో తిరిగి వేశాడు. ఫిబ్రవరి 26, శనివారం ఉదయం, మంచు కురుస్తూ ఉండగా మస్కీ పత్రికా కార్యాలయం ముందు ఒక లారీ మీద నిలబడి లోబ్‌ను పిరికిపంద అని నిలదీశాడు. భార్య ప్రస్తావన రాగానే గొంతు బొంగురుపోయింది, మాట ఆగిపోయింది. ఆయన ఏడ్చాడని విలేఖరులు రాశారు. ముఖం మీద కరిగిన మంచేనని ఆయన తరువాత చెప్పుకున్నాడు. అది కన్నీరో, మంచో ఇప్పటికీ తేలలేదు గాని, అధ్యక్షుడు కావాలనుకునే మనిషి అంత సులభంగా చలించిపోతాడా అన్న ప్రశ్న మాత్రం దేశమంతా పాకింది. ఆ ఉత్తరం అప్పటి రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ ప్రచారవర్గం సాగించిన విద్రోహ కార్యకలాపాల్లో భాగమని ఎఫ్‌బీఐ పరిశోధకులు ఆ తరువాత తేల్చారు.

ఇక్కడ అంకెలు జాగ్రత్తగా చూడాలి. ఆ ప్రైమరీ మస్కీయే గెలిచాడు: ఆయనకు 46 శాతం, జార్జ్ మెక్‌గవర్న్‌కు 37 శాతం. పొరుగు రాష్ట్రపు మనిషికి సగం ఓట్లైనా రాలేదన్న మాట ఆ గెలుపునే ఓటమిగా మార్చేసింది. మరి లోబ్ తన పత్రికలో ఎవరిని బలపరిచాడు? లాస్ ఏంజెలెస్ మేయర్ శామ్ యోర్టీని. ఆయనకు వచ్చినవి సుమారు 6 శాతం. పట్టికలో ఇది పత్రిక ఓటమి కిందే లెక్క. కాని ఆ సంవత్సరం మస్కీ ప్రచారం ఎక్కడ కుంటుపడిందో రాయబోయే ప్రతివాడూ ఆ పత్రికా కార్యాలయం ముందున్న వీధి పేరు చెప్పక తప్పదు.

మీ ఊరి విషయం కూడా ఒకటి చెప్పుకోవాలి, ఇది కొంచెం పక్కదారి అయినా. 1980 ఫిబ్రవరి 23న నాషువాలో రిపబ్లికన్ అభ్యర్థులైన రేగన్‌కూ జార్జ్ బుష్‌కూ జరిగిన ముఖాముఖిని మొదట నాషువా టెలిగ్రాఫ్ పత్రికే నిర్వహించాలనుకుంది. ఇద్దరినే పిలవడం ఆ ఇద్దరికీ చట్టవిరుద్ధంగా విరాళం ఇచ్చినట్టవుతుందన్న అభ్యంతరం రావడంతో ఖర్చు రేగన్ పక్షం భరించింది. మిగతా అభ్యర్థులనూ కూర్చోనివ్వాలని రేగన్ వాదిస్తుండగా, సభను నడుపుతున్న ఆ పత్రిక సంపాదకుడు మైకు ఆపేయమన్నాడు. ‘ఈ మైకుకు డబ్బు కట్టింది నేను’ అని రేగన్ కోపంగా అన్న మాట, ఆ కోపంలో సంపాదకుడి పేరు కూడా తప్పుగా పలకడం, ఆ రాత్రి టీవీలన్నింటా వచ్చాయి. అప్పటికి నెల క్రితం, మొదటి పోటీ జరిగిన అయోవా రాష్ట్రంలో బుష్ చేతిలో ఓడిన రేగన్ న్యూ హాంప్‌షైర్‌లో 50 శాతానికి 23 శాతంగా గెలిచాడు. యూనియన్ లీడర్ కూడా ఆయననే బలపరిచింది. ఆ విజయంలో సంపాదకీయానికి ఎంత వాటా, మైకుకు ఎంత వాటా అని విడదీయగల తూనిక ఎవరి దగ్గరా లేదు.

లోబ్ తరువాత ఆయన భార్య నాకీ లోబ్ హయాంలోనూ పత్రిక ధోరణి మారలేదు. 1988లో బలపరిచిన పీట్ డ్యూపాంట్‌కు పదో వంతు ఓట్లే వచ్చాయి. 1992లో మాత్రం, పదవిలో ఉన్న అధ్యక్షుడు బుష్‌కు వ్యతిరేకంగా పాట్రిక్ బుకానన్‌ను భుజాన వేసుకుంది. బుష్‌కు 53 శాతం, బుకానన్‌కు 37 శాతం. సొంత పార్టీ ఓటర్లలో మూడింట ఒక వంతుకు మించి అధ్యక్షుణ్ణి కాదన్నారన్న సంగతి నవంబరు దాకా ఆయనను వెంటాడింది. 1996లో బుకానన్ 27 శాతంతో గెలిచాడు కూడా. బాబ్ డోల్ కేవలం ఒక శాతం వెనుకబడ్డాడు. పార్టీ అభ్యర్థిత్వం మాత్రం డోల్‌కే దక్కింది. 2000లో బలపరిచిన స్టీవ్ ఫోర్బ్స్‌ది ఓటమి. 2012లో న్యూట్ గింగ్రిచ్‌కు 9 శాతం. మొత్తం జాబితాలో పత్రిక బలపరచి, మీ రాష్ట్రంలో గెలిచి, ఆపై పార్టీ అభ్యర్థి కూడా అయినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినవారే: 1980లో రేగన్, 2008లో జాన్ మెకెయిన్ వారిలో ముఖ్యులు.

మెకెయిన్ ఉదంతం మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎండార్స్‌మెంట్ అత్యంత బలంగా పనిచేసిన ఆధునిక ఉదాహరణ అదేనని నేననుకుంటాను. 2007 వేసవి నాటికి ఆయన ప్రచారం దివాలా అంచున ఉంది. నిధులు అడుగంటి, సిబ్బందిలో చాలామందిని తీసేయవలసి వచ్చింది. ఎదుట మిట్ రామ్నీ: పక్కనున్న మసాచుసెట్స్ మాజీ గవర్నర్, డబ్బుకు కొదవ లేనివాడు, మీ రాష్ట్రంలోనే సరస్సు ఒడ్డున వేసవి ఇల్లు ఉన్నవాడు. డిసెంబరు మొదట్లో యూనియన్ లీడర్ మెకెయిన్‌ను బలపరిచింది. అదే నెలలో అయోవాలోని డి మోయిన్ రిజిస్టర్, బోస్టన్ గ్లోబ్ కూడా అదే పని చేశాయి. సంప్రదాయవాద పత్రిక, ఉదారవాద పత్రిక ఒకే మనిషి పేరు చెప్పడం అరుదు. ఆగిపోయిన బండి మళ్లీ కదిలిందన్న వార్తను ప్రతి చానలూ చెప్పింది. ఆ వార్త చూసి విరాళాలిచ్చేవారు మళ్లీ జేబులు తడుముకున్నారు.

దానికి మించిన దెబ్బ కాంకార్డ్ మానిటర్ కొట్టింది. డిసెంబరు 22న ఆ పత్రిక ఎవరికీ మద్దతు ప్రకటించకుండానే, రామ్నీ అధ్యక్షుడు కాకూడదని ప్రత్యేకంగా ఒక సంపాదకీయం రాసింది. గర్భస్రావం వంటి విషయాల్లో ఆయన అభిప్రాయాలు పదవిని బట్టి ఎలా మారుతూ వచ్చాయో అందులో వరుసగా ఎత్తి చూపింది. యూనియన్ లీడర్ కూడా రామ్నీ మీద రాస్తూనే ఉంది. ఎదుటివారి ప్రకటనల్లో, చర్చల్లో ఆ వాక్యాలు మళ్లీ మళ్లీ వినిపించాయి. 2008 జనవరి 8న మెకెయిన్‌కు 37 శాతం, రామ్నీకి 32 శాతం వచ్చాయి. అంతకు అయిదు రోజుల ముందు అయోవాలో రిజిస్టర్ అండ ఉన్నా మెకెయిన్‌కు దక్కింది 13 శాతంతో నాలుగో స్థానం. పత్రికల మద్దతు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అభ్యర్థి ఊరూరా తిరిగి సభలు పెట్టి, 2000లో ఒకసారి గెలిచి, పాత అభిమానులను సంపాదించుకున్న రాష్ట్రంలోనే అది ఫలించింది.

డి మోయిన్ రిజిస్టర్ చరిత్రా ఇదే చెబుతుంది. 1988లో ఆ పత్రిక డెమోక్రాట్లలో పాల్ సైమన్‌ను, రిపబ్లికన్లలో డోల్‌ను బలపరిచింది. సైమన్ రెండో స్థానంలో ఆగాడు, డోల్ గెలిచాడు. 2004 జనవరిలో, కాకస్‌కు (ప్రైమరీకి బదులు పార్టీవారు సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) కేవలం ఎనిమిది రోజుల ముందు, వెనుకబడి ఉన్న జాన్ ఎడ్వర్డ్స్‌ను బలపరిచింది. ఆయన 32 శాతంతో రెండో స్థానానికి ఎగబాకి, ముందంజలో ఉన్న హోవర్డ్ డీన్‌ను 18 శాతం దగ్గర వదిలేశాడు. పత్రికల శక్తి గురించి మాట్లాడేవారందరూ ఈ ఉదాహరణే చెబుతారు. అయితే ఆ వారాల్లోనే డీన్, డిక్ గెఫార్ట్ ఒకరినొకరు టీవీ ప్రకటనల్లో తిట్టుకుని ఇద్దరూ ఓటర్లకు వెగటు పుట్టించారు. మర్యాదగా మాట్లాడుతున్న మూడో మనిషి కోసం జనం చూస్తున్న సమయంలో రిజిస్టర్ ఆ మనిషి పేరు చెప్పింది. అయోవా డెమోక్రటిక్ కాకస్‌లో 15 శాతం దాటని అభ్యర్థి మద్దతుదారులు రెండో ఎంపికకు మారాలన్న నియమం కూడా అటువంటి అందరికీ అంగీకారయోగ్యుడికి లాభించేది. నాలుగేళ్ల తరువాత అదే ఎడ్వర్డ్స్‌ను కాదని అదే పత్రిక హిల్లరీ క్లింటన్‌ను ఎంచుకుంది. ఆమె మూడో స్థానంలో, ఎడ్వర్డ్స్ రెండో స్థానంలో, ఒబామా మొదటి స్థానంలో వచ్చారు. 2016లో బలపరిచిన మార్కో రూబియోకు మూడో స్థానం. 2020లో ఎలిజబెత్ వారెన్‌కూ మూడో స్థానమే.

పరిశోధకులు దీన్ని కొలవడానికి ప్రయత్నించకపోలేదు. కొలవడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, పత్రిక సమర్థించడం వల్ల అభ్యర్థి పుంజుకున్నాడా, పుంజుకుంటున్నాడు కాబట్టి పత్రిక సమర్థించిందా అన్నది బయటినుంచి తెలియదు. 2020లో యూనియన్ లీడర్ డెమోక్రాట్లలో ఏమీ క్లోబుచార్‌ను ఎంచుకుంది. మీ రాష్ట్రంలోని మరికొన్ని పత్రికలూ ఆమె వెంటే నిలిచాయి. అయోవాలో అయిదో స్థానంలో ఉన్న ఆమె న్యూ హాంప్‌షైర్‌లో సుమారు 20 శాతంతో మూడో స్థానానికి వచ్చింది. కాని పోలింగుకు నాలుగు రోజుల ముందు జరిగిన చర్చలో ఆమె చాలా బాగా మాట్లాడింది. ఏది కారణమని చెప్పాలి?

ఈ చిక్కును కొంత దాటిన పరిశోధనలు రెండు ఉన్నాయి. చియాంగ్, నైట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎండార్స్‌మెంట్ పనిచేస్తుంది, అయితే పత్రిక విశ్వసనీయతను బట్టి పనిచేస్తుంది: ఎప్పుడూ డెమోక్రాట్ల వైపే మొగ్గే పత్రిక డెమోక్రాట్‌ను బలపరిస్తే పాఠకులు పెద్దగా పట్టించుకోరు, తటస్థ పత్రికో, రిపబ్లికన్ మొగ్గు ఉన్న పత్రికో అదే పని చేస్తే ఆలోచిస్తారు. బ్రిటన్‌లో 1997లో సన్ వంటి పత్రికలు అనుకోకుండా లేబర్ పార్టీ వైపు మారినప్పుడు, ఆ పత్రికల పాఠకుల్లో 10 నుంచి 25 శాతం వరకు ప్రభావితులయ్యారని లాడ్, లెంజ్ అనే రాజనీతి శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఇవి రెండూ ప్రైమరీల గురించి కావు గాని, పాఠకుడు ఊహించని మద్దతుకే బరువు ఎక్కువ అన్న వాటి సారం ప్రైమరీలకు మరింత వర్తిస్తుంది. నేరుగా జనాన్ని అడిగితే మాత్రం జవాబు నిరుత్సాహంగా ఉంటుంది. 2008లో ప్యూ సంస్థ సర్వేలో పదిమందిలో దాదాపు ఏడుగురు స్థానిక పత్రిక మద్దతు తమకు లెక్కలోకి రాదన్నారు. మిగిలినవారిలో ఆ మద్దతు వల్ల దగ్గరయ్యేవారు, దూరమయ్యేవారు ఇంచుమించు సమానం. తన మీద ఎవరి ప్రభావమూ లేదని చెప్పుకోవడం ఎవరికైనా ఇష్టమే కాబట్టి ఆ ఏడుగురి మాటను నేను పూర్తిగా నమ్మను. దూరమయ్యేవారి సంఖ్య మాత్రం ఆలోచించదగినది.

అభ్యర్థులు ఎందుకు తాపత్రయపడతారన్న మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సంపాదకీయం చదివేవారు వేలల్లో ఉండవచ్చు; దానిలోని ఒక్క వాక్యాన్ని టీవీ ప్రకటనలో, కరపత్రంలో, విరాళాలు కోరే ఈమెయిల్లో చూసేవారు లక్షల్లో ఉంటారు. ప్రచార వర్గం తన గురించి తాను చెప్పుకుంటే సొంత డబ్బా; పత్రిక చెబితే సాక్ష్యం. చిన్న అభ్యర్థికి రెండు రోజుల ఉచిత వార్త, పోటీలో ఇంకా ఉన్నాడన్న గుర్తింపు దక్కుతాయి. 1940లో ఒహాయోలోని ఈరీ కౌంటీలో చేసిన అధ్యయనం నాటినుంచి పరిశోధకులు చెబుతున్నది ఇదే: పత్రిక మాట ఓటరుకు సూటిగా చేరదు, ఊళ్లో నలుగురికి సలహా చెప్పే మనిషి ద్వారా చేరుతుంది.

అటువంటి మనిషి నేరుగా మాట్లాడితే పత్రిక ఎంత చిన్నబోతుందో 2020లో సౌత్ కరోలినా చూపింది. అక్కడి ప్రధాన పత్రిక ద స్టేట్ పీట్ బూటిజెజ్‌ను బలపరిచింది. ఆయనకు 8 శాతం వచ్చాయి. ఫిబ్రవరి 26న ఆ రాష్ట్ర కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ జో బైడెన్‌కు మద్దతు ప్రకటించాడు. మూడు రోజుల తరువాత బైడెన్‌కు 48 శాతానికి పైగా వచ్చాయి. ఓటు వేసి వచ్చినవారిలో దాదాపు సగం మంది క్లైబర్న్ మాట తమ నిర్ణయంలో ముఖ్య కారణమన్నారు. ఆఫ్రికన్ అమెరికన్ చర్చిల్లో, కుటుంబాల్లో దశాబ్దాలుగా ఆయనకున్న పరిచయం ముందు ఎడిటోరియల్ బోర్డు తర్కం నిలబడలేదు.

ఆ ఏడాదే న్యూయార్క్ టైమ్స్ తన ఎంపికను ఒక టీవీ కార్యక్రమంగా మలిచింది. అభ్యర్థుల ఇంటర్వ్యూలను కెమెరా ముందు చేసి, పూర్తి పాఠాలు ప్రచురించి, చివరికి జనవరి 19న వారెన్, క్లోబుచార్ ఇద్దరినీ కలిపి బలపరిచింది. ఒకరిని ఎంచుకోమంటే ఇద్దరిని చెప్పడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది. ఓటరు బ్యాలెట్ మీద ఒక్క గడినే నింపగలడు కదా. ఇంటర్వ్యూకు వచ్చిన బైడెన్‌ను లిఫ్టులో పైకి తీసుకువెళ్లిన భద్రతా ఉద్యోగిని ఆయనంటే తనకెంతో ఇష్టమని చెప్పిన దృశ్యం కూడా ఆ కార్యక్రమంలో వచ్చింది. సంపాదకుల తీర్పు కంటే ఆ కొద్ది క్షణాలే ఎక్కువమంది చూశారేమో. ఆగస్టులో జరిగిన డెమోక్రటిక్ మహాసభలో బైడెన్ పేరును లాంఛనంగా ప్రతిపాదించినది ఆ ఉద్యోగినే. టైమ్స్ ఎంచుకున్న ఇద్దరూ మార్చి మొదటి వారంలోనే పోటీ నుంచి తప్పుకున్నారు. వారెన్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లోనే మూడో స్థానానికి పరిమితమైంది.

రిపబ్లికన్ల వైపు పరిస్థితి ఇంకా తీవ్రంగా మారింది. 2016లో గాలప్ సర్వేలో వార్తా సంస్థల మీద నమ్మకం ఉందన్న రిపబ్లికన్లు 14 శాతం మాత్రమే. అటువంటి పార్టీ ప్రైమరీలో పత్రిక మద్దతు ఒక్కోసారి మచ్చగా మారుతుంది. ఆ ఎన్నికల్లో యూనియన్ లీడర్ న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీని బలపరిచి, ట్రంప్‌ను మొదటి పేజీలో ఎండగట్టింది. ట్రంప్ ఆ పత్రిక ప్రచురణకర్తను ఊరూరా తిట్టాడు; ఆ పత్రిక భాగస్వామ్యంతో చర్చ నిర్వహించదలచిన ఏబీసీ సంస్థ చివరికి పత్రికను పక్కన పెట్టింది. క్రిస్టీకి 7 శాతంతో ఆరో స్థానం దక్కింది, ట్రంప్‌కు 35 శాతంతో గెలుపు. కొద్ది వారాలకే క్రిస్టీ ట్రంప్ పంచన చేరగా, తమ ఎంపిక తప్పని పత్రిక బహిరంగంగా రాసుకుంది. లోబ్ కాలంలో దెబ్బతీసే శక్తి ఆ పత్రికకు ఎక్కడిదంటే, దాని మాట వినే పాఠకుడికి వేరే దారి లేకపోవడం వల్ల వచ్చింది. 2016 నాటికి ట్రంప్‌కు ఓటరును చేరడానికి ఆ పత్రిక అవసరమే లేదు. 2024లోనూ అదే జరిగింది: యూనియన్ లీడర్ మద్దతు, గవర్నర్ క్రిస్ సునూనూ మద్దతు రెండూ ఉన్న నిక్కీ హేలీ 43 శాతం దగ్గర ఆగి, 54 శాతం తెచ్చుకున్న ట్రంప్ చేతిలో ఓడింది. అదే నెలలో అయోవాలో గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ అండ ఉన్న రాన్ డిశాంటిస్‌కు 21 శాతమే వచ్చాయి కాబట్టి ఓడినది పత్రికలొక్కటే కాదు.

మూడో ప్రశ్న. 2024 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్, లాస్ ఏంజెలెస్ టైమ్స్ అధ్యక్ష ఎన్నికల్లో ఎవరినీ బలపరచబోమని చెప్పాయి. రెండు చోట్లా నిర్ణయం యజమానులదే, జెఫ్ బెజోస్, పాట్రిక్ సూన్‌షియాంగ్‌లది. పోస్ట్‌కు కొద్ది రోజుల్లోనే రెండు లక్షలకు పైగా డిజిటల్ చందాలు రద్దయ్యాయి. లాస్ ఏంజెలెస్ టైమ్స్ సంపాదకీయ విభాగం అధిపతి రాజీనామా చేసింది. పత్రిక మాట వల్ల ఓటు మారదని చెబుతున్న లోకంలో, ఆ మాట చెప్పనందుకు అంతమంది చందా మానేశారంటే, పాఠకులు ఎండార్స్‌మెంటును ఓటు సలహాగా కాక పత్రిక వెన్నెముకకు పరీక్షగా చూస్తున్నారని నాకనిపిస్తుంది. అయితే ఈ రెండింటికంటే ముందే, పెద్దగా ఎవరూ గమనించకుండా జరిగిన మార్పు ముఖ్యమైనది. ఆల్డెన్ గ్లోబల్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ చేతిలోని పత్రికలు 2022లోనే అధ్యక్ష, గవర్నర్, సెనేట్ పోటీల్లో మద్దతు ప్రకటనలు మానేశాయి. వాల్ స్ట్రీట్ జర్నల్ 1928లో అధ్యక్ష అభ్యర్థి హూవర్‌ను బలపరిచిన తరువాత ఇంకెవరినీ బలపరచలేదు, దానివల్ల దాని పలుకుబడి తగ్గలేదు. కాని అయోవాలోనో, న్యూ హాంప్‌షైర్‌లోనో అభ్యర్థిని బల్లకు ఎదురుగా కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలడిగే స్థానిక బోర్డు మూతపడితే ఆ పని చేసే సంస్థ ఇంకొకటి లేదు.

మీకు నా సలహా ఒకటే. మీ ప్రాంతంలోని పత్రికలు 2028 ప్రైమరీకి ముందు అభ్యర్థులతో జరిపే బోర్డు ఇంటర్వ్యూల వీడియోలు, పూర్తి పాఠాలు దొరికితే వాటిని చూడండి; మద్దతు ఎవరికన్న చివరి పేరా కంటే, విధానం గురించి రెండోసారి గుచ్చి అడిగినప్పుడు అభ్యర్థి ఏం చెప్పాడన్నది మీకు ఎక్కువ పనికొస్తుంది. అనుకోని వైపు నుంచి మద్దతు వస్తే ఎందుకో చదవండి; ఎవరికీ మద్దతు చెప్పకుండా ఒకరిని మాత్రమే వద్దంటే ఇంకా శ్రద్ధగా చదివి, అందులోని ఆరోపణలకు ఆధారాలున్నాయో లేదో చూసుకోండి. ఇక పాఠశాల బోర్డు, నగర పాలక మండలి, రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో పత్రిక మాటకు అధ్యక్ష పోటీలో కంటే ఎక్కువ బరువుంటుంది, ఎందుకంటే అక్కడ పోటీ చేస్తున్నవారి పేర్లు చాలామంది ఓటర్లు మొదటిసారి చూసేది ఆ పేజీలోనే. అధ్యక్ష ఎన్నికల్లో మద్దతు మానేసిన పత్రికలు కూడా కొన్ని ఆ చిన్న పోటీల్లో ఇంకా కొనసాగిస్తున్నాయి.